డ్యూటీ చార్టు రాసే చేయి
(నిజామాబాద్ జిల్లా ధర్పల్లిలో ఇచ్చిన స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన పేరు బ్యానరు మీద లేదు. అది ఆయన పెట్టిన షరతు. బస్సు కండక్టరుగా నౌకరీ చేసి, రిటైరై, ఈ నేల మీదే కన్నుమూసిన మనిషి. తన పేరున దండలూ దరువులూ వద్దన్నారు, పిల్లలు ఆ మాట నిలబెట్టారు. ఆయన్ను పొగిడే అవకాశం నాకు లేదు కాబట్టి ఆయన చేసిన పని గురించీ, ఆ పని చేయించే వాళ్ల గురించీ మాట్లాడతాను. కింద పనిచేసే మనిషి ఒత్తిడిలో ఉన్నప్పుడు పైఅధికారి ఏం చేయాలి? నిర్వాహకులు నాకిచ్చిన విషయం ఇదే. సభలో డిపోల వాళ్లు, పంచాయతీ కార్యదర్శులు, బ్యాంకు వాళ్లు, హెడ్మాస్టర్లు, బీడీల కార్ఖానా వాళ్లు ఉన్నారని విన్నాను. నా ఉదాహరణలు ఎక్కువగా బస్సు చుట్టే తిరుగుతాయి, మిగతావాళ్లు ఎవరి ఆఫీసుకు వాళ్లు అన్వయించుకోండి.

చెప్పదలచింది ముందే చెప్పేస్తాను, ఆఖరి దాకా కూర్చోలేని వాళ్లుంటారు. ఒత్తిడిలో ఉన్న ఉద్యోగికి పైఅధికారి ఇవ్వగల అసలైన ఆసరా ధైర్యవచనం కాదు. తన చేతిలో ఉన్న పనిని, అంటే డ్యూటీ చార్టును, సెలవును, మెమోను, మాట తీరును మార్చడం. మాట అవసరమే. కానీ చార్టు మారకుండా మాట ఒక్కటే మారితే కింది మనిషి రెండో రోజుకే పసిగడతాడు.

బస్సు నౌకరీకీ గుండెకూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో బయటపెట్టింది లండన్. 1953లో జెరీ మోరిస్ అనే డాక్టరు, తన తోటివాళ్లతో కలిసి ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ఒక పరిశోధన అచ్చువేశారు. లండన్ రవాణా సంస్థ సిబ్బంది దాదాపు 31 వేల మందిని పరిశీలిస్తే, డబుల్ డెక్కర్ బస్సుల్లో డ్రైవర్లకన్నా కండక్టర్లకు గుండెజబ్బు బాగా తక్కువ అని తేలింది. డ్రైవరు కూర్చునే ఉంటాడు, కండక్టరు పొద్దంతా మెట్లెక్కి దిగుతాడు. 1956లో అదే బృందం ఇంకో పని చేసింది. సంస్థ కుట్టించిన యూనిఫాం కొలతలు తీసి చూస్తే డ్రైవర్ల ప్యాంట్ల నడుం కొలతే పెద్దగా ఉంది. మన ఖాకీ దుస్తుల కొలతలు తీసినా ఇలాంటి కథలే బయటపడతాయని నా అనుమానం. అయితే లండన్ కండక్టరుకు దొరికిన మేలు మన పల్లెవెలుగు కండక్టరుకు దొరకదు. సంత రోజున బస్సులో అడుగు తీసి అడుగు వేయడానికి జాగా ఉంటే గదా నడక!

కదలిక ఒక భాగం మాత్రమే. 1979లో రాబర్ట్ కారసెక్ అనే అమెరికన్ పరిశోధకుడు ఉద్యోగపు ఒత్తిడిని రెండు ప్రశ్నలతో కొలవవచ్చన్నాడు. నీ మీద ఎంత పని ఉంది? ఆ పని ఎలా చేయాలో తేల్చుకునే అధికారం నీకు ఎంత ఉంది? పని ఎక్కువై, అధికారం తక్కువైన చోట మనిషి చితికిపోతాడు. పనీ ఎక్కువే, అధికారమూ ఎక్కువే అయితే అలసిపోతాడు గానీ అంతగా చితకడు. తర్వాత వచ్చినవాళ్లు మూడో ప్రశ్న చేర్చారు: నీ వెనక నిలబడే మనిషి ఉన్నాడా? బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగుల మీద మైకేల్ మార్మట్ బృందం 1985 నుంచి నడిపిన వైట్‌హాల్ అధ్యయనంలో పదివేల మందికి పైగా పాల్గొన్నారు. అందులోనూ ఇలాంటి బొమ్మే కనబడింది. గుండెజబ్బు ఎక్కువగా కింది గుమాస్తాలకు వచ్చింది, పెద్ద బాధ్యతలు మోసే పైఅధికార్లకు కాదు. తమ పని మీద తమకు అదుపు లేకపోవడం దానికి ఒక ముఖ్య కారణమని వాళ్లు తేల్చారు. ‘పెద్ద కుర్చీకే పెద్ద టెన్షన్’ అని మనం అనుకునే మాటకు ఇది ఎదురు సాక్ష్యం.

దీన్ని అర్థం చేసుకోవడానికి లండన్ దాకా పోనక్కర్లేదు. 2018 పంచాయతీరాజ్ చట్టం మన తెలంగాణ రాష్ట్రంలో ఒక నియమం పెట్టింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే కార్యదర్శి కొలువుకే ముప్పు. 2019లో తొమ్మిది వేల పైచిలుకు పోస్టుల్లోకి వచ్చిన జూనియర్ పంచాయతీ కార్యదర్శులు ఈ నియమం కిందే పనిచేశారు. మొదట వాళ్ల జీతం నెలకు 15,000 రూపాయలు, 2021లో 28,719 అయింది. మొక్క బతకడం వాన చేతిలో ఉంది, మేక నోట్లో ఉంది, ట్యాంకరు నీళ్లు తెచ్చే డ్రైవరు దయలో ఉంది. బాధ్యత మాత్రం ఇరవై ఐదేళ్ల పిల్లగాడి మీద ఉంది. పైగా పారిశుధ్యం, పన్నుల వసూలు, శ్మశానవాటిక, నర్సరీ, ఫోనులో ఫొటో పెట్టి హాజరు. మూడేళ్లన్న ప్రొబేషన్ నాలుగేళ్లకు పెరిగింది. 2023 ఏప్రిల్ చివర వాళ్లు సమ్మెకు దిగినప్పుడు చాలామంది దాన్ని జీతాల గొడవ అనుకున్నారు. పర్మనెంటు చేయాలన్నది ముందు నిలిచిన డిమాండే. దాని వెనక నలుగుతున్నది మాత్రం ఈ లెక్క: బాధ్యత నాది, పగ్గం నాది కాదు.

మండల స్థాయి అధికారి ఆ చట్టాన్ని మార్చలేడు. కానీ పైనుంచి లెక్క అడిగినప్పుడు ఎండిన మొక్క పక్కన ‘బోరు పాడైంది, ఫలానా తేదీన కార్యదర్శి రాతపూర్వకంగా తెలిపాడు’ అని ఒక వాక్యం రాయగలడు. ఆ ఒక్క వాక్యం ఆ పిల్లగాడికి నిద్ర పట్టిస్తుంది. ఇలాంటి వాక్యం రాసే అధికారులను నేను చూశాను, రాయని వాళ్లనూ చూశాను. రాయనివాళ్లు చెడ్డవాళ్లేం కాదు, తమ నెత్తికి వస్తుందని భయపడ్డవాళ్లు. ఆ భయం సంగతికి తర్వాత వస్తాను.

ఇప్పుడు ఆర్టీసీ. ఈ రాష్ట్రంలో పని ఒత్తిడి గురించి మాట్లాడేవాళ్లు 2019 సమ్మెను దాటిపోలేరు. అక్టోబర్ 5న మొదలైంది. దాదాపు 48 వేల మంది, 26 డిమాండ్లు. సంస్థను ప్రభుత్వంలో కలపాలన్నది అందులో పెద్దది. గడువులోగా డ్యూటీకి రానివాళ్లు తమ కొలువు తామే పోగొట్టుకున్నట్టని ప్రభుత్వం ప్రకటించింది. జీతాలు ఆగాయి, దసరా పోయింది, దీపావళి పోయింది. కొందరికి గుండె ఆగింది, కొందరు తమ ప్రాణం తామే తీసుకున్నారు. నవంబర్ 25న కార్మిక సంఘాల జేఏసీ సమ్మె విరమించింది, ఆ వారంలోనే ప్రభుత్వం అందర్నీ పనిలోకి రమ్మంది. ఎవరిది తప్పు అనే వాదన ఈ సభది కాదు. ఆ తర్వాత జరిగినదాంట్లో ఒక భాగం మాత్రం మనకు పనికొస్తుంది.

డిసెంబర్ 1న ముఖ్యమంత్రి ప్రతి డిపో నుంచీ కొందరు కార్మికులను హైదరాబాద్ పిలిపించి, కూర్చోబెట్టి మాట్లాడారు. అక్కడ ఇచ్చిన హామీలు గమనించండి. ఆడవాళ్లకు రాత్రి 8 దాటి డ్యూటీ ఉండకూడదు. డిపోల్లో వాళ్లకు మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గది ఉండాలి. పదవీవిరమణ వయసు 60. డిపోల్లో కార్మికులతో సంక్షేమ మండళ్లు. ఇందులో చాలావరకు డబ్బుతో తీరే పెద్ద సంగతులు కావు. కండక్టరమ్మ ఎక్కడ చీర మార్చుకోవాలి, ఎన్ని గంటలకు ఇల్లు చేరాలి అన్నంత చిన్నవి. ఇంత చిన్న సంగతి తేలడానికి రాష్ట్రమంతా అంత కాలం స్తంభించాలా, ముఖ్యమంత్రి దాకా పోవాలా? ఏళ్ల తరబడి డిపో గేటు లోపలే తీరవలసిన మాటలు తీరక పేరుకుపోయాయన్న మాట. అదే సమావేశంలో రెండేళ్లు యూనియన్ ఎన్నికలు ఉండవని కూడా చెప్పారు. సంక్షేమ మండలి యూనియన్‌కు బదులు కాగలదని నేను అనుకోను. మండలి అధికారి ఏర్పాటు, యూనియన్ కార్మికుడి ఏర్పాటు. రెండూ ఉన్నప్పుడే కింది మాట పైకి కాస్త నిజంగా పోతుంది.

నాలుగేళ్ల తర్వాత, 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం వచ్చింది. ఆడవాళ్లకు బస్సు ఉచితం. మంచి పథకమే, మా ఇంటి ఆడవాళ్లు నన్ను అడగకుండా నిజామాబాద్ పోయి వస్తున్నారు, సంతోషం. కానీ కండక్టరు సీటు నుంచి చూడండి. ప్రయాణం ఉచితమైనా టికెట్ కొట్టాలి, దాన్ని జీరో టికెట్ అంటారు. ఆ టికెట్ల లెక్కను బట్టే సంస్థకు ప్రభుత్వం నుంచి డబ్బు రావాలి. అంటే పైసా చేతికి రాని టికెట్టుకు కూడా పైసా వచ్చిన టికెట్టంత జాగ్రత్త కావాలి. ‘ఫ్రీ అయినంక టికెట్ ఎందుకు బిడ్డా?’ అని అడిగే అవ్వకు ఒకసారి నవ్వుతూ చెప్పవచ్చు. రోజుకు ఎన్నోసారో చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. ఆధార్ చూపమంటే తగువు, స్టేజీ కాని చోట ఆపలేదంటే తగువు. ఎవరో ఫోనులో వీడియో తీస్తారు, సాయంత్రానికల్లా అది ఊరంతా తిరుగుతుంది. మర్నాడు డిపోలో మెమో సిద్ధంగా ఉంటే, ఆ కండక్టరుకు తన పక్షాన లోకంలో ఎవరూ లేరనిపిస్తుంది. వీడియో చూడగానే కాగితం తీయకుండా, ‘ముందు నువ్వు చెప్పు, ఏం జరిగింది?’ అని అడిగే డిపో మేనేజరు ఆ ఒక్క ప్రశ్నతో సగం బరువు దించేస్తాడు. కండక్టరుదే తప్పని తేలినా సరే. తప్పుకు శిక్ష పడినప్పుడు మనిషి తట్టుకుంటాడు. వినకుండా పడిన శిక్షను పదేళ్లయినా మరచిపోడు.

స్టాక్‌హోమ్ సంగతి ఒకటి చెప్పాలి. నా వాదనకు ఇంతకన్నా మంచి ఆధారం నాకు కనబడలేదు. స్వీడన్ రాజధానిలో సిటీ బస్సు డ్రైవర్ల ఒత్తిడి తగ్గించాలనుకున్నారు. డ్రైవర్లకు క్లాసులు పెట్టే బదులు ఒక రూటునే బాగుచేశారు. బస్సులకు విడిగా దారి ఇచ్చారు, సిగ్నళ్లు బస్సును చూసి పచ్చబడేలా మార్చారు. 1999లో అచ్చయిన ఫలితాల ప్రకారం ఆ రూటు డ్రైవర్లకు రక్తపోటు పై అంకె తగ్గింది, గుండె వేగం తగ్గింది, చికాకు తగ్గిందని వాళ్లే చెప్పారు. డ్రైవర్లు మారలేదు. వాళ్ల ముందున్న రోడ్డు మారింది. మన దగ్గర దీనికి తలకిందులుగా జరుగుతుంది. రోడ్డు అట్లాగే ఉంటుంది, డ్రైవరుకు మాత్రం వ్యక్తిత్వ వికాస క్లాసు పెడతారు. ఫ్లెక్సీ కడతారు, పట్నం నుంచి ఒకాయన వచ్చి గట్టిగా ఊపిరి పీల్చమంటాడు, సమోసా ఇస్తారు, ఫొటో తీస్తారు. ఊపిరి పీల్చడం మంచిదే, యోగా అంటే నాకు గౌరవమే. రాత్రి డ్యూటీ దిగినవాణ్ని పొద్దున యోగాకు పిలవడం మీదే నా ఫిర్యాదంతా.

మన డిపో మేనేజరు చేతిలో స్టాక్‌హోమ్ సిగ్నళ్లు ఉండవు, చార్టు ఉంటుంది. నేను చాలాకాలం ఒక సంస్థలో సిబ్బంది విభాగంలో పనిచేశాను, రకరకాల చార్టులు చూశాను. ఎవరికి ఏ సర్వీసు, ఎవరికి నైట్ అవుట్, ఎవరికి డబుల్ డ్యూటీ, ఎవరికి ఆఫ్ అన్నది ఆ ఒక్క కాగితంలో ఉంటుంది. మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో చేసిన చట్టం రోజుకు 8 గంటల పని, విరామాలతో కలిపి మొత్తం సాగదీత 12 గంటలు దాటకూడదు, ఐదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి అంది. 2025 నవంబర్‌లో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి ఇలాంటి పాత చట్టాల స్థానం తీసుకున్నాయి, అది వేరే చర్చ. గంటల లెక్క చట్టం చూసుకుంటుంది. చట్టం చూడలేనిది ఇంకొకటుంది. రేపటి డ్యూటీ ఏదో మనిషికి ఇవాళ ఎన్నింటికి తెలుస్తుంది?

రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసి రేపు నాలుగున్నర బండి నీది అంటే, ఆ ఇంట్లో ఎవరికీ సరైన నిద్ర ఉండదు. అదే నాలుగున్నర బండి వారం ముందు తెలిస్తే భార్య తన కూలిపని సర్దుకుంటుంది, పిల్లలను బడికి ఎవరు దింపాలో తేలుతుంది. కష్టం అంతే ఉంటుంది. ముందే తెలిసిన కష్టానికి మనిషి ఒక పక్క చోటు చేసి పెట్టుకుంటాడు. పసుపు రైతులున్న సభకు ఇది వివరించనక్కర్లేదు. జూన్‌లో విత్తి, జనవరి నుంచి తవ్వి, కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి, నిజామాబాద్ యార్డుకు తోలేదాకా ఊపిరి సలపదు. యార్డులో కాంటా వేసే మనిషి, హమాలీ, కమిటీ గుమాస్తా, అందరికీ ఆ నెలల్లో అదే పరుగు. అయినా తట్టుకుంటారు. ఎండాకాలం దాటాక సీజను ముగుస్తుందని అందరికీ తెలుసు. ఆఫీసుల్లో మనుషులను కుంగదీసేది ఏడాది పొడుగునా సీజను నడిపే పద్ధతి. ‘ఈ ఒక్క నెల ఓర్చుకోండి’ అని పన్నెండు నెలలూ చెప్పే అధికారి మాటకు పదమూడో నెల విలువ ఉండదు.

సెలవు సంగతి ఇంకా తేలిక, ఇంకా కష్టం. చెల్లె పెళ్లికి సెలవు అడిగినవాణ్ని నాలుగుసార్లు తిప్పి, ఆఖరి రోజు సాయంత్రం ఇస్తే, సెలవు ఇచ్చినట్టు రికార్డులో ఉంటుంది, ఇచ్చిన పుణ్యం మాత్రం రాదు. కొందరు అధికారులు అంటారు: ‘అందరికీ ఇస్తే బండ్లు ఎవరు నడుపుతారు సార్? సగం మంది సాకులే చెప్తారు.’ సాకులు చెప్పేవాళ్లు ఉంటారు, కాదనను. చనిపోయిన మేనమామను రెండోసారి చంపినవాళ్ల అర్జీలు నేను స్వయంగా చదివాను. కానీ ఒక అబద్ధపు సెలవు వల్ల పోయేది ఒక రోజు డ్యూటీ. నిజమైన సెలవు కాదంటే పోయేది ఎంతో ఒక్కోసారి స్టీరింగు దగ్గర తెలుస్తుంది, అప్పుడు బస్సులో యాభై మంది ఉంటారు. ఈ లెక్కలో అనుమానపు సెలవు ఇచ్చేయడమే చవక అని నా అభిప్రాయం. మరీ అలవాటైన వాడిని విడిగా చూసుకోవచ్చు, వాడి కోసం అందరినీ దొంగలుగా చూడక్కర్లేదు.

ఇప్పుడు మాట గురించి. మనిషి ఒత్తిడిలో ఉన్నాడని ఎట్లా తెలుస్తుంది? ఎవరూ వచ్చి చెప్పరు, అందులోనూ మన మగవాళ్లు అసలే చెప్పరు. మారిన అలవాటే చెబుతుంది. ఎప్పుడూ లెక్క తప్పని కండక్టరు వారంలో రెండుసార్లు క్యాష్ తక్కువ కట్టడం, గ్యారేజీలో నలుగురితో కలిసి తినే డ్రైవరు బండి ఎక్కి ఒంటరిగా తినడం, డీజిల్ పొదుపులో ముందుండే వాడు ఒక్కసారిగా వెనకబడటం, తాగి రాని వాడు తాగి రావడం. వీటిలో చాలావాటికి మెమో ఇవ్వడానికి రూలు ఉంది. మెమోకు ముందు ఒకసారి పిలిచి కూర్చోబెట్టడానికి రూలు అడ్డం లేదు.

పిలిచే పద్ధతి ఒకటుంది. గేటు దగ్గర, పదిమందిలో, ‘ఏమైందిరా నీకు ఈ మధ్య’ అని అడిగితే అది విచారణ అయిపోతుంది. గదిలోకి పిలవాలి, కుర్చీ వేయాలి. చాలా ఆఫీసుల్లో కింది మనిషి పైఅధికారి ముందు కూర్చోవడమే ఒక వింత. ‘ఏమన్నా ప్రాబ్లమా?’ అంటే ‘ఏం లేదు సార్, మంచిగనే ఉన్న’ అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. అడిగేది కళ్లకు కనబడిన దానితో మొదలవ్వాలి. ‘నాలుగొద్దుల సంది చూస్తున్న అన్నా, అన్నం సగం వదిలేస్తున్నవ్. రాత్రిపూట నిద్ర పడుతుందా?’ వయసులో పెద్ద డ్రైవరును డిపో మేనేజరు అన్నా అంటే కుర్చీ ఎత్తు ఏమీ తగ్గదు. తర్వాత నోరు మూసుకోవాలి. ఇదే అన్నిటికన్నా కష్టం, అధికారానికి మౌనం అలవాటు లేదు. అవతలి మనిషి చెప్పడం మొదలుపెట్టగానే ‘మా కాలంలో మేము...’ అని అందుకుంటే అంతటితో అయిపోయింది.

విన్నాక ఏదో ఒకటి మారాలి, ఆ వారంలోనే మారాలి. పక్షం రోజులు నైట్ అవుట్ నుంచి తీయడం, ఇంటికి దగ్గరి సర్వీసు ఇవ్వడం, వసూలులో తేడా పడ్డ మొత్తాన్ని వాయిదాల్లో కట్టనివ్వడం. ఒక్కదానికైనా అధికారం ఉంటుంది. విన్నది గది దాటకూడదు. పొద్దున గదిలో చెప్పిన మాట మధ్యాహ్నానికి డిపో ముందు చాయ్ అమ్మేవాడే చెబుతుంటే, ఇక జన్మలో ఎవరూ ఆ గదిలో నోరు విప్పరు. అట్లాగే మేనేజరు డాక్టరు కాదు. నిద్ర లేకపోవడం వారాలు దాటినా, బతుకు మీద విసుగు మాటల్లో వినబడినా, తెలిసిన వైద్యం తాను చేయకుండా డాక్టరు దగ్గరికి పంపాలి, వీలైతే వెంట మనిషిని పంపాలి. ప్రాణం మీదికి తెచ్చుకునే మాట వినబడితే సూటిగా అడగాలి, ఒంటరిగా వదలకూడదు. 2022 అక్టోబర్ నుంచి టెలి మానస్ అని ప్రభుత్వ సేవ ఉంది. 14416కు ఫోను చేస్తే పగలూ రాత్రీ, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. డ్యూటీ చార్టు అంటించే బోర్డు మీద ఆ నంబరు కూడా రాయండి, ఎవరూ అడగకుండానే చూసుకుంటారు.

ప్రమాదం జరిగిన తర్వాత డ్రైవరు సంగతి విడిగా చెప్పాలి. మన సంస్థలు ఇక్కడే అన్నిటికన్నా ఎక్కువ తడబడతాయి. బండి కింద మనిషి పడ్డ రోజున ఆ డ్రైవరు చుట్టూ పోలీసు, జనం, వీడియోలు. సంస్థ నుంచి మొదట అందేది రిపోర్టు రాయమనే కాగితం. విచారణ జరగాల్సిందే, తప్పుంటే తేలాల్సిందే. దాంతోపాటు జరగవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. పోలీసు స్టేషనుకు డిపో నుంచి ఒక మనిషి వెంట పోవాలి. ఇంటికి ఫోను సంస్థే చేయాలి, టీవీలో చూసి భార్యకు తెలియకూడదు. ఆ రాత్రి ఇంటికి ఒక్కడే పోకూడదు. తిరిగి డ్యూటీకి వచ్చిన మొదటి రోజు అదే రూటు, అదే మలుపు ఇవ్వడం ధైర్యపరీక్ష అనుకునే అధికారులు ఉన్నారు. అది మొరటుతనం. మొదట చిన్న రూటు, పక్కన ఇంకో డ్రైవరు, తర్వాత ఒంటరిగా. ఎప్పుడు పాత రూటుకు పోతాడో ఆయన్నే చెప్పనివ్వాలి. పైన చెప్పిన కారసెక్ ప్రశ్న ఇక్కడ మళ్లీ వస్తుంది. అదుపు పూర్తిగా తప్పిన అనుభవం నుంచి వచ్చిన మనిషికి కాస్త అదుపు తిరిగి చేతికివ్వడమే చికిత్సలో సగం.

బీడీల గురించి ఒక మాట, ఈ జిల్లాలో అది మాట్లాడకుండా పోలేను. ఇంటిగడప మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే అక్కకు మేనేజరు లేడని అనుకుంటాం. టేకేదారు ఉన్నాడు. ఆకు మంచిది ఇచ్చాడా లేదా, చుట్టి తెచ్చిన బీడీల్లో ఎన్ని పక్కకు తీసేశాడు అన్నదాని మీదే ఆమె వారం నడుస్తుంది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఈ రెండింటినీ, ఆకు ఇవ్వడాన్నీ బీడీలు తిప్పికొట్టడాన్నీ, పేరు పెట్టి మరీ తగాదా అంశాలుగా గుర్తించింది. చట్టం రాసినవాళ్లకు ఒత్తిడి ఎక్కడ పుడుతుందో అప్పుడే తెలుసు. పక్కకు తీసిన బీడీని ఎందుకు తీశావో ఆమెకు చూపించి చెప్పు అంటాను నేను టేకేదారుతో. కారణం తెలిసిన నష్టం, తెలియని నష్టం ఒకలా బాధించవు.

ఇక మేనేజరు భయం. కింది వాడి పక్షాన ఒక వాక్యం రాయడానికి భయపడే అధికారిని నేను నిందించి ఊరుకోలేను, ఆయన మీదా ఒకరున్నారు. ఏ శాఖలో చూసినా పొద్దు పొడవకముందే వాట్సాప్ గ్రూపులో నిన్నటి లెక్కలు, ర్యాంకులు, కింద ఉన్నవాళ్ల పేర్ల పక్కన ఎర్ర గుర్తు. ఆ ఎర్ర గుర్తు పదింటికి మేనేజరు గొంతులో, పదకొండింటికి కంట్రోలరు గొంతులో, పన్నెండింటికి కండక్టరు గొంతులో వినబడుతుంది, ఆఖరికి బస్సెక్కిన ముసలమ్మ మీద పడుతుంది. 2022 సెప్టెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పనిచోట మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని లెక్క కట్టింది. అందులో మేనేజర్లకు శిక్షణ ఇవ్వాలని ప్రత్యేకంగా చెప్పింది. పని పద్ధతులను మార్చాలనీ చెప్పింది. మన వాళ్లు మొదటిది పట్టుకుని రెండోది వదిలేస్తారేమోనని నా దిగులు. వెసులుబాటు ఇవ్వకుండా శిక్షణ ఒక్కటే ఇస్తే మేనేజరుకు ఇంకో క్లాసు, ఇంకో సర్టిఫికెట్, అంతే. నెలకు ఇన్ని డ్యూటీలు తన విచక్షణతో మార్చవచ్చు, దానికి ఎవరూ సంజాయిషీ అడగరు అని రాసి ఇస్తే, అప్పుడు తెలుస్తుంది మనవాళ్లలో ఎంతమంది మంచి మేనేజర్లు ఉన్నారో.

ఈ సభలో ఉన్న సర్పంచులకు, పంచాయతీ కార్యదర్శులకు ఒక విన్నపం, ఇది డిపో గేటు బయటి పని. మీ ఊళ్లో రాత్రి ఆగే బస్సు ఉంటే, ఆ డ్రైవరు, కండక్టరు ఎక్కడ పడుకుంటారో ఒకసారి పోయి చూడండి. దోమలు, ఎండాకాలపు ఉక్క, స్నానానికి బోరింగు దగ్గర లైను. తెల్లవారుజామున మీ పిల్లలను కాలేజీకి, మీ రోగులను దవాఖానకు తీసుకుపోయేది ఆ నిద్ర చాలని కళ్లే. ఒక గది, ఫ్యాను, దోమతెర, బకెట్టు, లోపల గడియ ఉన్న బాత్రూము, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో రాసిన కాగితం. పంచాయతీ తీర్మానం చేస్తే డిపో మేనేజరు ఉత్తరం రాస్తాడు, డిపో మేనేజరు ముందు రాస్తే పంచాయతీ తీర్మానం చేస్తుంది. ఎవరు ముందు అన్నది ఇవాళ ఇక్కడే తేల్చుకోండి, ఇద్దరూ సభలో ఉన్నారు.